ఆరెగాన్ తీర నదుల సాల్మన్, స్టీల్‌హెడ్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడి జవాబులు అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో నేరుగా పసిఫిక్‌లో కలిసే చిన్న, మధ్యరకం నదుల గురించి: నెహాలెం, టిల్లమూక్ అఖాతంలోకి వచ్చే ఏరులు, సిలెట్జ్, యాక్వినా, ఆల్సీ, సయూస్లా, అంప్క్వా, కూస్, కొకీల్. కొలంబియా నది, దాని మీది పెద్ద డ్యాముల కథ వేరు. ఈ తీరంలో చేపల్ని అడ్డుకునేవి ఎక్కువగా చిన్నచిన్నవే. అడవి రోడ్డు కింది తూము, పచ్చిక బీడు గట్టు, దుంగ ఒక్కటి కూడా మిగలని వాగు.

రన్ అంటే ఏమిటి? ఏ చేప ఎప్పుడు వస్తుంది?

సముద్రంలో పెరిగిన చేపలు గుడ్లు పెట్టడానికి తాము పుట్టిన నదికి, ఏడాదిలో ఒక కాలంలో, గుంపుగా తిరిగి రావడాన్ని రన్ అంటారు. నది, జాతి, కాలం మూడూ కలిస్తేనే ఒక రన్. సిలెట్జ్ నదిలో వేసవి స్టీల్‌హెడ్ ఒక రన్, అదే నదిలో శీతాకాలపు స్టీల్‌హెడ్ ఇంకొకటి. ఒకటి పోతే రెండోది దాని చోటు నింపదు.

చినూక్, కోహో, చమ్ మూడూ పసిఫిక్ సాల్మన్ జాతులు. వసంతకాలపు చినూక్ ఏప్రిల్ నుంచి నదిలోకి వస్తుంది. వేసవంతా మేత లేకుండా లోతైన చల్లటి మడుగుల్లో ఆగి, సెప్టెంబరు, అక్టోబరుల్లో గుడ్లు పెడుతుంది. శరత్కాలపు చినూక్ ఆగస్టు చివరికల్లా మొగల్లో, అంటే నది సముద్రంలో కలిసేచోట, చేరి వాన కోసం కాచుకుంటుంది. కోహో అక్టోబరు నుంచి జనవరి దాకా చిన్న వాగులు పట్టుకుని పైకి పోతుంది. చమ్ నవంబరులో, ఎక్కువగా ఉత్తర తీరంలోనే కనిపిస్తుంది. శీతాకాలపు స్టీల్‌హెడ్ నవంబరు చివర మొదలై ఏప్రిల్ దాకా వస్తూనే ఉంటుంది. దాని గుడ్ల కాలం జనవరి నుంచి మే వరకు.

స్టీల్‌హెడ్ సాల్మనేనా?

రెయిన్‌బో ట్రౌట్, స్టీల్‌హెడ్ ఒకే జాతి. సముద్రానికి వెళ్లి వచ్చినదాన్ని స్టీల్‌హెడ్ అంటారు. ఒకే తల్లి పిల్లల్లో కొన్ని వాగులోనే ఉండిపోవచ్చు, కొన్ని సముద్రానికి పోవచ్చు. పసిఫిక్ సాల్మన్లు గుడ్లు పెట్టాక చనిపోతాయి. స్టీల్‌హెడ్ అన్నీ చనిపోవు, కొన్ని నీరసించిన ఒంటితో మళ్లీ సముద్రం చేరి, కోలుకుని, ఇంకోసారి వస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో సన్నగా, పొట్ట లోపలికి పోయి కిందికి దిగుతున్న స్టీల్‌హెడ్ కనిపిస్తే అదే. దాన్ని పట్టి ఆడించకండి. రెండోసారి వచ్చే ఆడచేప ఒంట్లో మొదటిసారికంటే ఎక్కువ గుడ్లుంటాయి.

మన పులసలాంటిదేనా ఇది?

దారి ఒకటే. పులస కూడా సముద్రంలో పెరిగి, గోదావరికి ఎర్రనీళ్లు వచ్చినప్పుడు ఎదురీది మంచినీటిలో గుడ్లు పెడుతుంది. అడ్డంకి కూడా ఒకలాంటిదే: 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర పులస ఎదురీత ఆగిపోయింది. తేడా ఏమిటంటే పులస గుడ్లు, పిల్లలు ప్రవాహంలో కొట్టుకుపోతూ పెరుగుతాయి. సాల్మన్ గుడ్లు గులకరాళ్ల కింద నెలల తరబడి కప్పి ఉంటాయి. కోహో పిల్ల అయితే ఏడాదికి పైగా అదే వాగులో బతకాలి. అందుకే ఇక్కడ వాగు అడుగు ఎలా ఉందన్నది అంత ముఖ్యమైన ప్రశ్న.

ఒక కోహో పిల్లకు ఎక్కడెక్కడ ప్రాణగండం?

ఆడ కోహో సుమారు 2,500 గుడ్లు పెడుతుంది. పక్కకు ఒరిగి, తోకతో అడుగును టపటపా కొట్టి గులకరాళ్లను లేపుతుంది. ఆ గుంటలో కొన్ని వందల గుడ్లు పెట్టి, వెంటనే కొంచెం ఎగువన మళ్లీ తవ్వుతుంది. అక్కడ లేచిన రాళ్లే కింది గుంటను కప్పేస్తాయి. ఇలా ఒకదాని ఎగువన ఒకటిగా కప్పిన గూడునే రెడ్ అంటారు. పైనుంచి చూస్తే చుట్టూ నాచు పట్టి నల్లగా ఉన్న రాళ్ల మధ్య, కడిగినట్టు తెల్లబడిన కోలగా ఉన్న మచ్చలా కనిపిస్తుంది. ఎగువన చిన్న గుంట, దిగువన చిన్న దిబ్బ ఉంటాయి. గుడ్లు ఉండేది ఆ దిబ్బ కింద.

నీరు 10 డిగ్రీల సెల్సియస్ ఉంటే సుమారు 45 నుంచి 50 రోజుల్లో గుడ్డు పగులుతుంది, ఇంకా చల్లగా ఉంటే ఆలస్యం. పచ్చసొన సంచి అరిగేదాకా పిల్ల రాళ్ల సందుల్లోనే ఉంటుంది. ఆ సందుల్లో నీరు పారుతుండాలి. రోడ్డు నుంచో, కొత్తగా నరికిన కొండవాలు నుంచో వచ్చిన సన్నటి ఒండ్రు ఆ సందుల్ని పూడిస్తే పిల్లలకు ప్రాణవాయువు అందదు. బతికినవి కూడా పైకి రాలేక అక్కడే చిక్కుకుపోతాయి. గుడ్ల కాలంలో నీటిలో కరిగిన ప్రాణవాయువు లీటరుకు 11 మిల్లీగ్రాములైనా ఉండాలని ఆరెగాన్ ప్రమాణం.

పైకి వచ్చిన పిల్లకు రెండు గండాలు. ఒకటి ఆగస్టు వేడి. రెండోది, చాలామంది లెక్కలోకి తీసుకోనిది, శీతాకాలపు వరద. ప్రవాహం ఉద్ధృతమైనప్పుడు మూడంగుళాల పిల్ల ప్రధాన పాయలో నిలవలేదు. పక్క పాయ, బీవర్ (చెట్లు కొరికి వాగుకు కట్ట కట్టే జంతువు) చేసిన చెరువు, దుంగల వెనక నిలిచిన నీరు, గట్టు పొంగి నిండిన బీడు, ఇలాంటి తావు దొరకాలి. తీరంలోని చాలా కోహో వాగుల్లో మొదట కరవయ్యేది ఈ శీతాకాలపు ఆశ్రయమే.

లెక్క ఇలా వేసుకోండి. 2,500 గుడ్ల నుంచి 40 స్మోల్ట్‌లు, అంటే సముద్రానికి సిద్ధమైన పిల్లలు, దిగాయనుకుందాం. వాటిలో 5 శాతం తిరిగొస్తే 2 చేపలు. తల్లీతండ్రీ స్థానం సరిగ్గా భర్తీ అయింది. సముద్రంలో బతికేది 2 శాతానికి పడితే లెక్కకు 0.8, అంటే సగటున ఒక్క చేప కూడా రాదు. ఆ ఏడు రన్‌ను నిలబెట్టాలంటే వాగు నుంచి 100 స్మోల్ట్‌లు దిగాలి. సముద్రాన్ని మనం మార్చలేం, వాగును మార్చగలం. ఈ పేజీలో మిగతా జవాబులన్నిటికీ మూలం ఈ లెక్కే.

ఇంతగా ఎందుకు తగ్గాయి?

ఒకే కారణం చెప్పేవాళ్లను నమ్మకండి. 19వ శతాబ్దం చివరి నుంచి 1950ల వరకు దుంగల్ని సముద్రం వైపు తోలడానికి వాగులకు తాత్కాలిక కట్టలు కట్టి, ఒక్కసారిగా తెంచేవారు. ఆ దెబ్బకు గులకరాళ్లు కొట్టుకుపోయి చాలాచోట్ల అడుగున ఉత్త బండ మిగిలింది. తర్వాత వాగుల్లో పడి ఉన్న చెట్లు చేపలకు అడ్డమనుకుని, 1950ల నుంచి 1970ల దాకా పనిగట్టుకుని తీసేశారు. మంచి ఉద్దేశంతో చేసిన పెద్ద పొరపాటు అది. మొగల దగ్గరి ఉప్పు బీడులకు గట్లు కట్టి పచ్చిక మేతభూములు చేశారు. వీటికి తోడు సముద్రంలో పట్టుబడి: 1970లలో తిరిగొచ్చే కోహోలో సగానికి ఎంతో పైగా వలలకు, గాలాలకు పోయేవి. అదే కాలంలో హేచరీ చేపల్ని, అంటే కేంద్రాల్లో గుడ్లు పొదిగించి తొట్టెల్లో పెంచినవాటిని, కోట్లలో వదిలారు.

1990లలో సముద్రం కూడా కలిసిరాలేదు. ఆరెగాన్ తీర కోహో సంఖ్య 20 వేల పైచిలుకుకు పడిపోయింది. 1994లో సముద్రంలో కోహో వేట ఆపేశారు. 1997లో రాష్ట్రం సాల్మన్, పరీవాహక ప్రాంతాల ప్రణాళిక తెచ్చింది. 1998లో సమాఖ్య ప్రభుత్వం ఈ కోహోను ముప్పులో ఉన్న జాతుల చట్టం కింద చేర్చింది. హేచరీ చేపల్ని లెక్కలోంచి తీసేశారన్న కారణంతో 2001లో కోర్టు దాన్ని కొట్టేసింది. 2008లో మళ్లీ చేర్చారు.

చేపల్ని ఎలా లెక్కిస్తారు? నదిలో కెమెరా పెడతారా?

కొన్నిచోట్ల నిచ్చెనల దగ్గర లెక్కింపు ఉంది, అంప్క్వా ఉత్తర పాయ మీది వించెస్టర్ డ్యాము అలాంటిదే. తీరంలో ఎక్కువ లెక్క మాత్రం కాలినడకనే. కంప్యూటరు యాదృచ్ఛికంగా ఎంచిన వాగు ముక్కల్లో, ఒక్కొక్కటి మైలు అటూఇటూగా, ఇద్దరు నడుస్తారు. కోహోకు అక్టోబరు మధ్య నుంచి జనవరి దాకా వారం పదిరోజులకోసారి. పోలరైజ్డ్ కళ్లద్దాలు తప్పనిసరి, అవి లేకుండా నీటి మెరుపులో సగం చేపలు కనిపించవు. బతికినవి, చచ్చినవి విడిగా రాస్తారు. చచ్చినదాని పొలుసులు తీసి వయసు చూస్తారు, కొవ్వు రెక్క (వీపు మీద తోకకు ముందుండే చిన్న మెత్తటి రెక్క, హేచరీ చేపలకు కోసేస్తారు) ఉందో లేదో చూస్తారు, తర్వాత తోక కోసేస్తారు. వచ్చే వారం అదే చేపను మళ్లీ లెక్కపెట్టకుండా ఆ కోత.

తర్వాతది గుణకారమే. పది రోజులకోసారి వెళితే 0, 6, 14, 9, 2, 0 చేపలు కనిపించాయనుకోండి. మొత్తం 31, పది రోజులతో గుణిస్తే 310 చేప-రోజులు. మనిషి కంటికి కనిపించేవి సుమారు 75 శాతం కాబట్టి 310ని 0.75తో భాగిస్తే 413. ఒక కోహో గుడ్లు పెట్టే వాగులో సగటున 11.3 రోజులు బతుకుతుంది. 413ని 11.3తో భాగిస్తే దాదాపు 37 చేపలు. కనిపించినవాటిలో ఎక్కువది 14, నిజంగా వచ్చినవి 37.

తప్పులు దొర్లేది ఇక్కడే. వరదకు నీరు బురదై రెండు వారాలు వెళ్లలేకపోతే అసలు శిఖరమే తప్పిపోతుంది. రెండేళ్లకే తిరిగొచ్చే చిన్న మగచేపల్ని, వాటిని జాక్‌లు అంటారు, పెద్దవాటితో కలిపేస్తే లెక్క ఉబ్బుతుంది. మరీ ప్రమాదం, చేపలు బాగా వచ్చే వాగుల్నే ఎంచుకుని చూడడం. పాత పద్ధతిలో అదే జరిగి, మొత్తం సంఖ్య వాస్తవం కంటే ఎక్కువగా కనిపించేది. అందుకే ఇప్పుడు ఒక్క చేప రాని వాగుకు కూడా వెళ్లి సున్నా రాస్తారు. ఆ సున్నా కూడా లెక్కే.

స్టీల్‌హెడ్ దాక్కుంటుంది, నీరూ ఎక్కువ. అందుకని జనవరి నుంచి మే దాకా రెండు వారాలకోసారి రెడ్‌లనే లెక్కపెట్టి, ఒక్కోదానికి రంగు గుర్తు పెడతారు.

హేచరీలో లక్షల పిల్లల్ని పెంచి వదిలితే సరిపోదా?

అందరూ అడిగే ప్రశ్న ఇదే. సూటి జవాబు: పట్టి తినడానికి చేపలు కావాలంటే హేచరీ పనికొస్తుంది, రన్‌ను నిలబెట్టడానికి అది పెద్దగా పనికిరాదు.

వాగులో స్టీల్‌హెడ్ పిల్ల సముద్రానికి సిద్ధం కావడానికి సాధారణంగా రెండేళ్లు పడుతుంది. హేచరీలో మేత వేసి ఒక్క ఏడాదిలో పౌనుకు ఆరు తూగే సైజుకు తెస్తారు. తొట్టెలో గెలిచేది దూకుడుగా తినేది, మనిషి నీడ పడితే పైకి వచ్చేది. వాగులో కొంగకు మొదట దొరికేదీ అదే. ఆరెగాన్‌లోనే హుడ్ నదిలో స్టీల్‌హెడ్ తల్లిదండ్రుల్ని జన్యుపరీక్షతో గుర్తించి చూశారు. హేచరీలో పెరిగిన ఒక్కో తరానికి ప్రకృతిలో పిల్లల్ని కనే సామర్థ్యం సుమారు 40 శాతం చొప్పున పడిపోతోందని 2007లో తేలింది. అలాంటి చేప వాగులోకి వెళ్లి సహజ చేపతో జతకడితే ఆ నష్టం సహజ చేపల్లోకీ పాకుతుంది.

అందుకే హేచరీ ఉన్నచోట చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. వదిలే ప్రతి పిల్లకూ కొవ్వు రెక్క కోయాలి, లేకపోతే ఏది ఏదో ఎవరికీ తెలియదు. వదిలే ముందు రెండు మూడు వారాలు అదే ఏటి నీటిలో ఉంచాలి. ఆ నీటి వాసన పట్టకపోతే తిరిగొచ్చేటప్పుడు వేరే వాగుల్లోకి పోతాయి. మరీ చిన్నవాటిని వదిలితే సముద్రానికి పోకుండా అక్కడే మిగిలి, సహజ పిల్లల మేత తింటాయి. గుడ్లు పెట్టేచోట హేచరీ చేపల వాటా నూటికి ఎంతన్నది ఏటా లెక్కించాలి. అది 10 దాటుతుంటే విడుదల తగ్గించాలి, లేదా పట్టి తీసేసే ఏర్పాటు పెంచాలి. ఆరెగాన్ 2014లో ఆమోదించిన తీర ప్రణాళిక నదుల్ని విడదీసింది: కొన్నిచోట్ల హేచరీ, కొన్ని నదులు పూర్తిగా సహజ చేపలకే. సరైన నిర్ణయమే, కానీ ఆ గీతను ఏటా కాపాడుకోవాలి.

హేచరీకి అసలు చోటే లేదని కాదు. రన్ వందల్లోకి పడిపోయినప్పుడు, ఆ నది చేపల నుంచే గుడ్లు తీసి, మూలకారణం సరిచేసేదాకా ఆదుకోవడం అవసరమే. మూలకారణం వదిలేసి అదొక్కటే చేస్తే ఏటా అదే ఖర్చు, అదే ఫలితం.

కొకీల్ నదిలో చినూక్‌కు ఏమైంది?

2010లో 30 వేలకు పైగా వచ్చిన శరత్కాల చినూక్ పదేళ్లు తిరక్కుండానే వందల్లోకి పడింది. వేడెక్కిన నీరు, చెడిన మొగ, సముద్రం అన్నీ కారణాలే. వాటికి తోడు స్మాల్‌మౌత్ బాస్. అది ఈ నది చేప కాదు, ఎవరో అక్రమంగా తెచ్చి వదిలారు. చినూక్ పిల్లలు పుట్టిన కొన్ని నెలలకే నది పొడవునా కిందికి దిగుతాయి, సరిగ్గా అప్పుడే నీరు వేడెక్కి బాస్‌కు ఆకలి పెరుగుతుంది. ఇప్పుడు కొకీల్ తెగవారు, రాష్ట్ర చేపల శాఖ కలిసి నీటిలోకి కరెంటు పంపి చేపల్ని స్పృహ తప్పించే పడవలతో బాస్‌ను తీస్తున్నారు. వేటగాళ్లు పట్టే బాస్‌కు కూడా పరిమితులు తీసేశారు. ఒక నీటి చేపను ఇంకో నీటికి బకెట్‌లో కూడా మోయకండి. అక్వేరియం చేపలైనా అంతే.

సముద్రంలో ఎంత పట్టాలో ఎవరు నిర్ణయిస్తారు?

పసిఫిక్ ఫిషరీ మేనేజ్‌మెంట్ కౌన్సిల్. ఏటా ఫిబ్రవరి, మార్చిలో పాత లెక్కలు, అంచనాలు చూసి, ఏప్రిల్‌లో సీజన్ ఖరారు చేస్తుంది. ఆరెగాన్ తీర కోహోకు రెండు ప్రశ్నల పట్టిక ఉంది: మూడేళ్ల కిందట గుడ్లు పెట్టడానికి తల్లిదండ్రులు ఎన్ని వచ్చాయి, సముద్రంలో బతుకు ఎలా ఉంది. రెండూ బాగోలేకపోతే మొత్తం చేపల్లో 8 శాతం దాకానే నష్టపోనిస్తారు, రెండూ బాగుంటే 45 వరకు. పట్టుకున్నవే కాదు, గాలానికి తగిలి వదిలేశాక చనిపోయేవీ ఇందులో కలుస్తాయి. సరదా పడవల్లో వదిలిన కోహోలో 14 శాతం చనిపోతాయని లెక్క. "వదిలేశాం కదా" అన్న మాట పూర్తి నిజం కాదు.

ఒక ఏడు లక్షల్లో, మరుసటి ఏడు వేలల్లో. ఇదెలా?

తీరంలో వసంతం, వేసవి ఉత్తరపు గాలులు పైనీటిని బయటికి నెడితే, అడుగునుంచి చల్లటి సారవంతమైన నీరు పైకి వస్తుంది. దానితో కొవ్వు పట్టిన ఉత్తరపు జాతుల సూక్ష్మ రొయ్యల్లాంటి జీవులు వస్తాయి. వేడినీటి ఏడు వచ్చే దక్షిణపు జాతుల్లో ఆ కొవ్వు ఉండదు. న్యూపోర్ట్ దగ్గర 1996 నుంచి దాదాపు రెండు వారాలకోసారి ఈ నమూనాలు తీస్తున్నారు. స్మోల్ట్ సముద్రంలో మొదటి వేసవి ఏం తిన్నదో దాన్నిబట్టి, ఏడాదిన్నర తర్వాత ఎన్ని తిరిగొస్తాయో ముందే ఊహించవచ్చు. 2014లో కోహో మూడున్నర లక్షలు దాటాయి. ఆ సమయానికే పసిఫిక్‌లో పెద్ద వేడినీటి మడుగు ఏర్పడింది. 2015లో వచ్చినవి 60 వేల లోపు.

మంచి ఏడు చూసి వాగుల పని ఆపేయడం ఇక్కడ పదేపదే జరిగే తప్పు.

మా పొలం పక్క వాగులో నీటి వేడి ఎలా కొలవాలి?

థర్మామీటరుతో మధ్యాహ్నం ఒకసారి చూస్తే సరిపోదు. నీటిలో ఉండి వేడిని తనంతట నమోదు చేసే చిన్న పరికరం, లాగర్, కొనండి. పెట్టేముందు ఐసు ముక్కలు, నీళ్లు కలిపిన బకెట్‌లో అరగంట ఉంచండి. సున్నాకు అర డిగ్రీ కంటే ఎక్కువ తేడా చూపిస్తే వాడకండి. చుట్టూ రంధ్రాలు వేసిన తెల్ల పీవీసీ పైపు ముక్కలో పెట్టండి. ఎండ నేరుగా తగిలితే అది కొలిచేది నీటి వేడి కాదు, తన వేడి. జూన్ మొదట్లో, నీరు కదులుతూ బాగా కలిసేచోట, ఆగస్టులో కూడా మునిగే లోతులో, గట్టు చెట్టు వేరుకు ఇనుప తీగతో కట్టండి. అరగంటకోసారి నమోదు పెట్టి, సెప్టెంబరు చివర తీయండి. గ్రాఫ్‌లో పగలు ఒక్కసారిగా 28కి ఎగసి రాత్రి 9కి పడితే, లాగర్ ఒడ్డున పడిందని అర్థం. ఆ రోజులు తీసేయండి.

రోజువారీ గరిష్ఠాలకు ఏడు రోజుల సగటు తీయండి. ఆరెగాన్ ప్రమాణం గుడ్ల కాలంలో 13 డిగ్రీలు, చల్లటి ముఖ్య ఆవాసాల్లో 16, మామూలుగా పిల్లలు పెరిగే నీటిలో 18. 24, 25 దాటితే చావే. వాగంతా 20 ఉన్నా, ఒక ఊట కలిసేచోట 15 ఉండవచ్చు. పిల్లలన్నీ అక్కడే గుమిగూడతాయి. ఆ చోటును కనిపెట్టి, అక్కడ పశువులు దిగకుండా కంచె వేస్తే ఒక్క రోజు పనితో చాలా మేలు.

వాగులో దుంగలు వేస్తే చేపలు పెరుగుతాయా? ఎలా వేయాలి?

సరైన వాగులో, సరైన సైజులో వేస్తే పెరుగుతాయి. దుంగ దగ్గర నీరు మెల్లబడి గులకరాళ్లు నిలుస్తాయి, దాని కింద గుంట తవ్వుకుంటుంది, వరద పక్కకు పొంగి పాత పాయలు తెరుచుకుంటాయి.

మొదట వాగు వెడల్పు కొలవండి. వేసవి నీరు కాదు, ఏటా వచ్చే వరద గుర్తు నుంచి అవతలి గుర్తు దాకా. వేళ్లు లేని దుంగ అయితే దానికి రెండింతల పొడవు, వేరుముద్దతో ఉంటే ఒకటిన్నర రెట్లు. 24 అడుగుల వాగుకు 48 అడుగుల దుంగ, లేదా వేళ్లతో 36 అడుగులు, మందం కనీసం 18 అంగుళాలు. డగ్లస్ ఫర్, దేవదారు మన్నుతాయి. ఆల్డర్ కొన్నేళ్లకే పుచ్చిపోతుంది. ఒకచోట మూడైనా కలిపి, ఒక కొన గట్టు మీది బతికిన చెట్ల మధ్య ఇరికించండి. ఇనుప తాళ్లతో బిగించే పద్ధతి ఇప్పుడు దాదాపు మానేశారు. దుంగ కాస్త కదిలి సర్దుకోవాలి, అది ప్రకృతి పని.

దెబ్బతినేది ఎక్కడంటే: లారీలో పట్టేలా పొట్టిగా కోసిన దుంగలు మొదటి వరదకే వంతెనకు చేరతాయి. నిటారు లోయలో వేసినవి నిలవవు. దిగువన చిన్న తూము ఉంటే అది మూసుకుని రోడ్డు తెగుతుంది, కాబట్టి ముందు తూము మార్చండి. నీటిలో యంత్రం దించే పని తీరంలో చాలా వాగుల్లో జులై 1 నుంచి సెప్టెంబరు 15 లోపే. సాల్మన్ ముఖ్య ఆవాసంగా గుర్తించిన వాగులో చిన్న పనికైనా రాష్ట్ర భూముల శాఖ అనుమతి కావాలి. స్థానిక పరీవాహక మండలిని ముందే కలిస్తే కాగితాలు, నిధులు రెండూ వాళ్లకు తెలుసు.

తూములు, పోటు తలుపుల సంగతేమిటి?

తూము దిగువ కొన దగ్గర, పైపులోని నీటి మట్టానికి కింది మడుగు మట్టానికి తేడా కొలవండి. 6 అంగుళాలు దాటితే పిల్లచేపలకు అది గోడే. పెద్దచేప ఎగిరి ఎక్కుతోంది కదా అని ఊరుకోకండి, వేసవి వేడికి పిల్లలు కూడా ఎగువకు పోవాలి. కొత్త తూము వాగు వెడల్పుకు తగ్గకుండా, అడుగున సహజమైన రాళ్లతో ఉండాలి.

పోటు తలుపు అంటే గట్టు కింది పైపుకు బిగించిన మూత. పోటుకు మూసుకుని, పాటుకు తెరుచుకుంటుంది. పాతవి పైన కీలు ఉన్న బరువైన చెక్కవి, పోత ఇనుమువి. పాటుకు కూడా కొద్దిగానే తెరుచుకుంటాయి, ఆ సందులో నీరు చాలా జోరుగా ఉంటుంది. పక్క కీలుతో ఉన్న తేలికపాటి అల్యూమినియం తలుపు చిన్న తేడాకే బార్లా తెరుచుకుంటుంది. ఇంకా మంచిది, లోపలి మట్టం ఒక గుర్తుకు చేరేదాకా తెరిచి ఉండే ఏర్పాటు. కొకీల్ లోయలో వింటర్ లేక్ దగ్గర ఇలాగే శీతాకాలం కోహో పిల్లలకు, వేసవి పశువుల మేతకు ఒకే నేల పనికొస్తోంది. టిల్లమూక్‌లో, బాండన్ దగ్గర గట్లు పూర్తిగా తీసేసి వందల ఎకరాలు పోటుకు తిరిగిచ్చారు.

బీవర్ మా చెట్లు కొరికేస్తోంది. తీసేయాలా?

వద్దు. దాని చెరువే కోహో పిల్లకు శీతాకాలపు ఇల్లు. కావలసిన చెట్ల మొదళ్లకు మూడు నాలుగు అడుగుల ఎత్తున బలమైన తీగ వల చుట్టండి. నీరు రోడ్డెక్కుతుంటే కట్టలో పైపు పెట్టి మట్టం తగ్గించవచ్చు. 2023లో చేసిన చట్టంతో ప్రైవేటు భూముల్లో బీవర్ల బాధ్యత కూడా రాష్ట్ర చేపలు, వన్యప్రాణుల శాఖకు వచ్చింది. ముందు వాళ్లను అడగండి.

టైర్ల వల్ల చేపలు చస్తాయా?

కోహో చస్తుంది. టైరు పగలకుండా కలిపే 6పీపీడీ అనే రసాయనం ఓజోన్‌తో కలిసి క్వినోన్‌గా మారుతుంది. తొలి వానకు రోడ్డు మీది టైరు పొడితో వాగులోకి వస్తుంది. సియాటెల్ చుట్టుపక్కల గుడ్లు పెట్టకుండానే కోహో చనిపోవడానికి కారణం ఇదేనని 2020 చివర్లో తేలింది. లీటరుకు 100 నానోగ్రాముల లోపే సగం చేపల్ని గంటల్లో చంపగలదు. రోడ్డు నీటిని నేరుగా వాగులోకి వదలకుండా 60 పాళ్లు ఇసుక, 40 పాళ్లు కంపోస్టు కలిపిన మట్టి గుండా పోనిస్తే ఆ నీటిలో కోహో బతుకుతుంది. ఇంటి డ్రైవ్‌వే నీటినైనా వాన తోటలోకి మళ్లించవచ్చు.

సీల్స్ తినేస్తున్నాయి కదా, వాటిని చంపకూడదా?

1972 నాటి సముద్ర క్షీరదాల రక్షణ చట్టం ప్రకారం ఎవరంతట వారు ముట్టుకోకూడదు. డ్యాము, జలపాతం లాంటి ఇరుకుచోట అవి నిజంగా రన్‌ను దెబ్బతీస్తాయి. విల్లమెట్ జలపాతం దగ్గర ప్రత్యేక అనుమతితో సీ లయన్లను తీసేశారు. విశాలమైన తీరపు మొగల్లో మాత్రం అదే మందు పనిచేస్తుందని అనుకోనక్కర్లేదు.

హిల్స్‌బరో, బీవర్టన్ నుంచి వారాంతంలో గాలం వేయడానికి వెళ్తాం. ఏం చూసుకోవాలి?

లైసెన్సు, ట్యాగు ఉండాలి. ఆ నదికి ఆ వారం నిబంధన ఏమిటో రాష్ట్ర శాఖ సైటులో ఆ రోజే చూడండి, సీజను మధ్యలో కూడా మూసేస్తారు. చేప వీపు మీద, తోకకు ముందు ఉండే చిన్న మెత్తటి రెక్క చూడండి. అది ఉండి ఉంటే సహజ చేప. కోసేసి, మానిన మచ్చ నున్నగా ఉంటే హేచరీది. చాలాచోట్ల ఉంచుకోవడానికి ఒప్పుకునేది రెండోదాన్నే. అనుమానం వస్తే వదిలేయండి.

వదిలేటప్పుడు ముల్లు లేని గాలం, ముడులు లేని రబ్బరు వల వాడండి. చేపను నీటిలోనే ఉంచి గాలం తీయండి. ఫొటో కావాలంటే తల సగం నీటిలో ఉండగానే తీసుకోండి, ఇసుక మీద పడుకోబెట్టకండి. ప్రవాహానికి ఎదురుగా పట్టుకుంటే మొప్పలు ఆడతాయి, అది తనంతట తోక విదిలించి పోతుంది. గాలం గొంతులోకి పోతే లాగకుండా దారం కత్తిరించండి. మధ్యాహ్నం నీరు 20 డిగ్రీలకు చేరితే ఆ రోజుకు ఆపేయండి.

సెప్టెంబరు నుంచి మే దాకా లోతు తక్కువ గులకరాళ్ల మీద నడవకండి. పిల్లలతో వెళితే ముందు ఆ తెల్లటి కోల మచ్చ చూపించండి, దాని దిగువ దిబ్బ మీద కాలు పెట్టకుండా ఒడ్డున తిరిగి వెళ్లండి.